కోళ్ళ వ్యాపారం: రంగు వేరు, రాబడి వేరు

కృష్ణా డెల్టాలో కోడిని రంగు పేరుతోనే పిలుస్తారు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ. విజయవాడ మార్కెట్టులో తెల్ల బ్రాయిలరు కంటె రంగుకోడికి పై ధర పలకడం అందువల్ల వింత కాదు. అయితే గుడ్లకూ, మాంసానికీ రెంటికీ పనికివచ్చే జాతి అన్న మాట నమ్మి రంగుకోళ్ళను షెడ్లలో వేల సంఖ్యలో పెంచదలచినవారు, వారికి బయానా ఇవ్వదలచిన వర్తకులు ముందుగా మేత లెక్క చూచుకొనడం మంచిది.

వైట్ లెగ్‌హారన్ సంతతి ఫారం పెట్ట రోజుకు సుమారు 110 గ్రాముల మేత తిని ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు ఒక్కింటికి పడే మేత 135 గ్రాములకు మించదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెట్ట ఏడాదికి పెట్టేది సుమారు 110 గుడ్లు. అంతే మేత కొని పెట్టినట్లయితే గుడ్డుకు 365 గ్రాములు పడుతుంది. మాంసం సంగతీ ఇంతే. బ్రాయిలరు ఆరు వారాలలో రెండు కిలోలు తూగితే, వనరాజా పుంజుకు అంతకు రెట్టింపు పైగా కాలం కావలెను.

అంతమాత్రాన ఈ జాతి పనికిరాదని కాదు. దాని చోటు షెడ్డు కాదు, పెరడు. కళ్ళంలో రాలిన ధాన్యం, మిల్లు నూకలు, తవుడు, పురుగు పుట్ర తిని పెరిగే కోడికి మేత ఖర్చు స్వల్పం. అక్కడ 110 గుడ్లు కూడ లాభమే. గుడ్లే ముఖ్యమనుకునేవారికి అదే సంస్థవారి గ్రామప్రియ పెరట్లోనే 160 నుంచి 180 దాకా పెడుతుంది. అసలు నాటు రకమైన అసీలుకు మాంసంలో పేరున్నది గాని గుడ్లు బహు తక్కువ, ఎదుగుదల నిదానం. వనరాజా, గ్రామప్రియ సంకర రకాలు గనుక ఇంటి గుడ్లు పొదిగించి పిల్లలు తీస్తే రంగులోనూ, గుడ్లలోనూ నిలకడ ఉండదు. పిల్లలను ప్రతిసారీ నమ్మకమైన హేచరీలో కొని, కొక్కెర తెగులు టీకా తప్పక వేయించవలెను.

వర్తకులు ఆలోచించవలసినది మరొకటి ఉన్నది. రంగు ఈక కనబడితే చాలు నాటుకోడి అనీ, గోధుమరంగు పెంకైతే నాటు గుడ్డు అనీ అమ్మడం క్షేమం కాదు. పెంకు రంగు జాతిని బట్టి వచ్చేదే గాని బలాన్ని బట్టి కాదు. ఫారంలో పెరిగే రంగు లేయర్లూ అటువంటి గుడ్లే పెడతాయి. తెల్లగుడ్డుకు 1982లో ఏర్పడిన నెక్ ప్రకటించే విజయవాడ ధర ఆధారంగా ఉన్నది. పెరటి సరుకుకు అటువంటి ఆధారం లేదు, నమ్మకమే ధర. కల్తీ బయటపడిననాడు పడిపోయేది ఒక్క దుకాణం బేరం కాదు. నిజంగా పెరట్లో పెంచిన రైతుకు వచ్చే పై ధర కూడ పోతుంది.

కాబట్టి అసీలును అసీలుగా, వనరాజాను వనరాజాగా, ఫారం గుడ్డును ఫారం గుడ్డుగా పేరుపెట్టి అమ్మడమే ఉభయులకూ మేలు. రంగు కొనుగోలుదారును ఒకసారి దుకాణానికి రప్పించగలదు. మళ్ళీ రప్పించేది సరుకే.