దేవతలకు జీతమెంత?

పోయిన వారం మా జిల్లా కేంద్రంలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ మొదలైంది. మా అక్క కూతురికి మొదటి బ్యాచ్‌లో సీటొచ్చింది. "మామయ్యా, నువ్వు తప్పకుండా రావాలి" అని ఫోన్ చేసింది. వెళ్ళాను. నిజం చెప్పాలంటే పిల్ల కోసం కన్నా మా బావ కోసం వెళ్ళాను. కూతుర్ని డాక్టర్ని చేయాలని ఆయన బైపీసీలో చేర్పించాడు. నీట్‌లో ర్యాంకు రాలేదు. నర్సింగ్ అనేసరికి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"రాత్రి డ్యూటీలంటరు. ఎవరెవరివో ఎత్తిపోసుడంటరు. రేపు సంబంధం ఎట్ల వస్తది?" ఇదీ ఆయన బాధ. మన ఇళ్ళల్లో చాలామంది బాధ కూడా ఇదే. ఆయన పైకి అన్నాడు, మనం అనం. అంతే తేడా.

షామియానా వేశారు. రిబ్బన్ కట్ చేశారు. శాలువాలు కప్పడానికే గంట పట్టింది. ముందు వరుసల్లో నాయకులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. ఎవరి కోసం కాలేజీ పెట్టారో ఆ పిల్లలు మాత్రం వెనకాల, ఎండ పడే చోట. మాట్లాడిన ప్రతి పెద్దమనిషీ నర్సులు దేవతలన్నాడు. ఊరికే కూర్చున్నాను కదా, లెక్కపెట్టాను. పదకొండుసార్లు వచ్చింది ఆ మాట. జీతం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

అలాగని కాలేజీ రావడం చిన్న విషయం కాదు. 2014 నాటికి తెలంగాణ మొత్తం మీద ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదే. ఉస్మానియా, గాంధీ, కాకతీయ, నిజామాబాద్, ఆదిలాబాద్. ఇప్పుడు జిల్లా కేంద్రాలకు కూడా వచ్చాయి. డాక్టర్ల చదువు వచ్చిన చోటికి నర్సుల చదువు కూడా రావాలి కదా. 2014 తర్వాత దేశంలో వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఒక్కోదానికి 10 కోట్లు. నర్సింగ్‌లో డిగ్రీ చదువు మన దేశంలో 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలైంది. అది మా ఊరి పిల్లకి బస్సు దూరంలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

భోజనాల దగ్గర బావకి ఒక సంగతి చెప్పాను. మీకూ చెబుతాను.

ఆరేళ్ళ కిందట మా అమ్మకి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. అంతా బాగానే జరిగిందన్నారు. ఆ రాత్రి నేను పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నాను. రెండింటికి సిస్టర్ వచ్చింది. అమ్మ నిద్రపోతోందనే నేననుకుంటున్నాను. ఆ అమ్మాయి మాత్రం చేతి గడియారం చూస్తూ, అమ్మ ఛాతీ వైపే చూస్తూ కదలకుండా నిలబడింది. ఊపిరి లెక్కపెడుతోందని నాకు తెలియలేదు. నాడి చూసింది, బీపీ చూసింది, పది నిమిషాలాగి మళ్ళీ చూసింది. డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. పొద్దున చూద్దామన్నాడు. మళ్ళీ చేసింది. ఈసారి గొంతు పెంచింది. ఆయన వచ్చాడు. లోపల రక్తం పోతోందని తేలింది. తెల్లవారకముందే అమ్మని మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు. బతికింది.

డిశ్చార్జి రోజు సర్జన్‌గారికి స్వీట్ల డబ్బా ఇచ్చి దండం పెట్టాను. ఆ అమ్మాయి పేరు కూడా అడగలేదు. ఒక రాత్రి మూడింటికి నిలబడే టిఫిన్ డబ్బా తింటుంటే, "కూర్చుని తినొచ్చు కదమ్మా" అన్నాను. "పద్దెనిమిది మంది పేషెంట్లు సార్, నేనొక్కదాన్నే" అంది. జీతం పన్నెండు వేలని కూడా చెప్పింది.

"ఆమె చూసిందీ చదువుతోనే బావా. చేతులతో ఒక్కటే కాదు" అన్నాను. బావ ఏమీ అనలేదు. పెరుగు కలుపుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ మేడమ్ కాలేజీ చూపించారు. నాలుగేళ్ళ చదువు, ఎనిమిది సెమిస్టర్లు. మొదట్లోనే అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ. ల్యాబ్‌లో మంచం మీద మనిషంత బొమ్మ ఉంది. సూది వేయడం ముందు దాని మీదే నేర్చుకుంటారు. తర్వాత వార్డు. "నర్సింగ్ కాలేజీ అంటే బిల్డింగ్ కాదు సార్, పక్కనుండే ఆస్పత్రి. పదిమంది పిల్లలకి ఒక టీచర్ అయినా ఉండాలి. ఒక్కో స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లు ఉండాలి. నాకు పేషెంట్లకి కొదవ లేదు. టీచర్లే ఇంకా రావాలి" అన్నారావిడ. వేదిక మీద ఈ మాట ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మొదటి బ్యాచ్‌కి అడగడానికి సీనియర్లు కూడా ఉండరు. ఖాళీలు నింపకపోతే నష్టపోయేది ఈ పిల్లలే, తర్వాత వాళ్ళ చేతికొచ్చే రోగులు.

ఇది నా సొంత భయం కాదు. 2014లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. యూరప్‌లో తొమ్మిది దేశాలు, 300 ఆస్పత్రులు, ఆపరేషన్లయిన నాలుగు లక్షల పైచిలుకు రోగుల లెక్కలు చూశారు. ఒక నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, చేరిన నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగితే అదే 7 శాతం తగ్గుతోంది. అంటే కాలేజీ పెడితే సగం పనే అయినట్టు. చదివినవాళ్ళని సరిపడా ఉద్యోగంలో పెట్టుకోవడం మిగతా సగం.

ఇక జీతం సంగతి. సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక లెక్క చెప్పింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సుకి నెలకి 20 వేలకు తగ్గకూడదు. రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. మా అమ్మని కాపాడిన అమ్మాయికి పన్నెండు వేలు వచ్చింది ఆ లెక్క చెప్పిన తర్వాతే. అలాంటప్పుడు మన పిల్లలు నాలుగేళ్ళు చదివి గల్ఫ్‌కో జర్మనీకో వెళ్తామంటే తప్పెవరిది?

సాయంత్రం హాస్టల్ దగ్గర పిల్లని దింపాం. బావ ట్రంకుపెట్టె తనే మోసుకెళ్ళి లోపల పెట్టాడు. కూతురి చేతిలో అయిదొందలు పెట్టి, "రాత్రి డ్యూటీ ఉన్ననాడు తిని పో" అన్నాడు. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

బస్సెక్కాక మాత్రం నన్నడిగాడు. "నాలుగేండ్లయినంక ఈ దవాఖాన్ల కొలువిస్తరా? లేకపోతే మళ్ళ పన్నెండు వేలేనా?"

నా దగ్గర జవాబు లేదు. వేదిక మీద పదకొండుసార్లు దేవత అన్నవాళ్ళు చెప్పాలి.