ఒక్క ‘రన్’ ఎన్ని మాటల్ని మింగుతోంది?

మన ఇళ్ళల్లో ఇప్పుడు ఎక్కువగా వినబడే ఇంగ్లీషు క్రియ ఏదంటే ‘రన్’ అంటాను నేను. మోటారు రన్ చేయి, మామ అంగడి రన్ చేస్తున్నాడు, సినిమా బాగా రన్ అయింది, ఈ జీతంతో ఇల్లెట్లా రన్ చేసేది. అన్నిటికీ అదే మాట. బస్సు, మిక్సీ, సెల్‌ఫోన్ లాంటి మాటలు రావడం మీద నాకు పేచీ లేదు. వస్తువుతో పాటు పేరు వస్తుంది. కానీ క్రియ వస్తే కథ వేరు. అది ఉన్న మాటల్ని పక్కకి తోసి కూర్చుంటుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 కూర్పులో ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’. దాని క్రియకి 430 అర్థాలు ఇచ్చారు. తర్వాతి కూర్పు పనిలో ‘రన్’ దాన్ని దాటేసింది. 2011 నాటికి ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. ఆ మాటని సర్దడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి 9 నెలల పైనే పట్టిందట. రైలు, గడియారం, ఫ్యాక్టరీ, కంప్యూటర్ ప్రోగ్రాం, ఏది కొత్తగా వచ్చినా ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘రన్’ అనేశారు.

మన మాటలో ఇదంతా పంచిపెట్టి ఉంటుంది. మనిషి ఉరుకుతాడు. కాలవలో నీళ్ళు పారతాయి, ముక్కు కారుతుంది. ఎద్దులబండి తోలతాం, బస్సు నడుపుతాం. ఎలక్షన్లో నిలబడతాం. మోటారు ఆడుతుంది, రాగులు మరకేసి ఆడించుకొస్తాం. ఇంక సంసారం ఉంది చూడండి, దాన్ని నెట్టుకొస్తాం. మా అవ్వ “ఎట్లో నెట్టుకొస్తా ఉండాం” అంటే ఆ నెల ఇంట్లో డబ్బు కష్టమని వినేవాళ్ళకి తెలిసిపోయేది. “ఇల్లు రన్ చేస్తున్నాం” అంటే ఏం తెలుస్తుంది? బాగున్నారో లేదో కూడా తెలీదు.

ఇంగ్లీషుకి ‘రన్’ ఉంటే మనకి ‘ఆడు’ ఉంది. ఆట ఆడతాం, అబద్ధం ఆడతాం, సినిమా ఆడుతుంది, ఊపిరి ఆడదు, చేతిలో డబ్బు ఆడదు, భయమేస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. ఇన్ని పనులు చేసే మాట మన పిల్లల నోట్లో ఇప్పుడు ఆటకి మాత్రమే మిగిలింది.

నేను చదివింది కన్నడ మీడియం. అందువల్ల తెలుగు పోతుందని మా చుట్టాలు కొందరు భయపడేవాళ్ళు. నాకు తోచేది ఏమంటే, మా తరం క్రియల్ని కొంతవరకు కాపాడింది కన్నడే. అక్కడ ‘అంగడి నడెసు’ అంటే ఇంట్లో ‘అంగడి నడుపు’ గుర్తొస్తుంది. తేడా ఉన్నచోట మనిషి జాగ్రత్త పడతాడు. కన్నడలో ‘ఓడు’ అంటే పరిగెత్తు, మనకేమో ఓడిపోవడం. కన్నడలో ‘గాడి ఓడిసు’ అంటే బండి నడుపు. కోలారు, చింతామణి వైపు ఇళ్ళల్లో పిల్లోడు రెండూ కలిపి “నేను స్కూటర్ ఓడిస్తా” అంటే, “అది నీతో పందెం వేసిందా నాయనా?” అని పెద్దోళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుతోనే మాట దిద్దుకుంటుంది. కన్నడలో సినిమా ‘ఓడుతుంది’, మన ఇంట్లో ‘ఆడుతుంది’. ‘రన్’ దగ్గర ఎవరూ నవ్వరు, ఎవరూ దిద్దరు.

ఇంగ్లీషువాళ్ళు ఒక్క మాటతో బాగానే ఉన్నారు కదా అని అడగొచ్చు. వాళ్ళు ఉత్త ‘రన్’ వాడరు. ‘రన్ అవుట్’ అంటే అయిపోవడం, ‘రన్ అవే’ అంటే పారిపోవడం, ‘రన్ ఇంటు’ అంటే ఎదురుపడటం, ‘రన్ ఓవర్’ అంటే మీదికి బండి ఎక్కించడం. పక్కనుండే చిన్న మాటలే అర్థాన్ని విడదీస్తాయి. మనం ఆ తోకలన్నీ అక్కడే వదిలేసి, ‘రన్ చేయి, రన్ అవు’ రెండే తెచ్చుకున్నాం. అంటే వాళ్ళ సంపదా రాలేదు, మనదీ పోతోంది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. అక్కడ పొద్దున లేస్తే ‘టెస్ట్ రన్’ అనే మాటే, దాన్ని మార్చమని అనను. కానీ బగ్ రిపోర్టులో ‘రన్ అవ్వట్లేదు’ అని మాత్రం రాస్తే డెవలపర్ వెనక్కి పంపిస్తాడు. మొదలే కాలేదా, మధ్యలో ఆగిందా, కదలకుండా నిలిచిపోయిందా? ఏది జరిగిందో చెప్పకపోతే ఎవరూ బాగు చేయలేరు. ఆఫీసులో మిషన్ కోసం ఇంత పట్టింపు ఉంది, ఇంట్లో మనుషుల కోసం కూడా కొంచెం ఉండొచ్చు.

పిల్లల్ని ‘రన్’ అనొద్దని గదమాయిస్తే వాళ్ళు తెలుగే మానేస్తారు. నేను అడిగేది చిన్న పని. ఆ మాట వచ్చినప్పుడు “ఏ రన్ అమ్మా, పారేదా, ఆడేదా, నడిచేదా?” అని నవ్వుతూ అడగండి. ఇంట్లో అవ్వ తాత ఉంటే, మోటారుకి, బండికి, గానుగకి, సంసారానికి వాళ్ళు ఏ మాట వాడతారో రాసి పెట్టుకోండి. హోసూరులో ఒకటి ఉండొచ్చు, బరంపురంలో ఒకటి, యానాంలో ఇంకొకటి. పుస్తకంలో మాట కాకపోయినా పర్వాలేదు. మీ ఇంటి మాట అయితే చాలు.