కాల్చనోళ్లకి, తాగనోళ్లకి జబ్బు రాదా?

మన గ్రూప్‌లో సుగాలీలే కాదు, యానాది, ఎరుకల, చెంచు కుటుంబాల వాళ్లు కూడా ఉన్నారు. అందరి ఇళ్లకీ సంబంధించిన విషయం కాబట్టి అందరికీ కలిపే రాస్తున్నా. పోస్ట్ పెద్దదే, ఓపికగా చదవండి. నేను డాక్టర్‌ని కాదు. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా, మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. చదివినవీ, మా తండాలో చూసినవీ కలిపి నా అభిప్రాయం చెప్తున్నా.

మనోళ్లలో ఒక మాట బాగా నాటుకుపోయింది. ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందంటే మొదట అడిగేది "బీడీ కాల్చేవాడా? సారా తాగేవాడా?" అని. అవును అంటే "ఇంకేం, చేసుకున్నోడికి చేసుకున్నంత" అంటారు. లేదు అంటే "మరి ఎట్టా వచ్చింది, ఎవరో ఏదో చేశారు" అంటారు. ఈ మాట వల్ల రెండు నష్టాలు. కాల్చేవాడు సిగ్గుతో ఆసుపత్రికి పోడు. కాల్చనివాళ్లు, ముఖ్యంగా మన ఆడోళ్లు, "మాకేం అలవాట్లు లేవుగా" అని పోరు. రెండో నష్టం గురించే ఈ పోస్ట్.

ముందు ఊపిరితిత్తుల సంగతి. ప్రపంచం మొత్తం మీద ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లలో 10 నుంచి 25 శాతం మంది జీవితంలో పొగ తాగనివాళ్లే. మన వైపు ఆసియా దేశాల్లో ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్లలో అయితే ఎక్కువమంది అట్లాంటోళ్లే. కారణాలు చాలా ఉన్నాయి. పక్కనోడు కాల్చే పొగ ఒకటి. మొగుడు ఇంట్లో కాలుస్తుంటే, కాల్చని పెళ్లానికి ఈ క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం దాకా పెరుగుతుంది. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో తేల్చి చెప్పింది. రాతి దుమ్ము కూడా ఆ జాబితాలో ఉంది. చీమకుర్తి గ్రానైట్‌లో, మార్కాపురం పలకల్లో పనికి పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పొడిగా కోస్తే లేచే దుమ్ము, నీళ్లు పోస్తూ కోస్తే చాలా వరకు అణుగుతుంది.

ఇక పొయ్యి. కట్టెల పొగ క్యాన్సర్‌కి కారణం అయ్యే అవకాశం బాగా ఉందని అదే సంస్థ చెప్పింది. క్యాన్సర్ ఒక్కటే కాదు, ఆయాసం, గుండె జబ్బు, పిల్లల్లో నిమోనియా అన్నీ దీనికి తగులుకుని వస్తాయి. ఇంటిపొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దగ్గర ఏం కాలుస్తారో మీకు తెలుసు. పత్తి అయిపోయాక పత్తి కట్టె, మిరప అయిపోయాక మిరప కట్టె. మిరప కట్టె పొయ్యిలో పెడితే ఇంటిల్లిపాదీ దగ్గుతారు, వండే యాడి మాత్రం లేవకుండా అక్కడే కూర్చుంటుంది.

"ఇప్పుడు అందరికీ గ్యాస్ ఉందిగా" అని కొందరు అంటారు. నిజమే, కనెక్షన్ ఉంది. మన రాష్ట్రంలో దీపం పథకం 1999లో వచ్చింది, కేంద్రం ఉజ్వల 2016లో తెచ్చింది, 2024 నవంబర్ నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. మంచి పథకాలే. కానీ తండాల్లో చూడండి, గ్యాస్ మీద టీ కాస్తారు, చుట్టాలు వస్తే కూర వండుతారు. అన్నం, నీళ్లు, పప్పు మాత్రం కట్టెల మీదే. ముందు డబ్బు కట్టి తర్వాత ఖాతాలో పడేదాకా ఆగాలంటే కూలి చేసుకునే ఇంటికి అదీ భారమే.

అసలు సమస్య ఇంకోటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. గ్యాస్ కనెక్షన్ తండాలో ఉంది, మనోళ్లు తండాలో లేరు. మిరప కోతల కాలంలో ఇంటికి తాళం వేసి నెలల తరబడి చేల గట్ల మీద పట్టా కప్పిన గుడారాల్లో ఉంటారు. అక్కడ మూడు రాళ్ల పొయ్యి, గాలి కొడుతుందని చుట్టూ కట్టిన పట్టా, లోపల పసిపిల్లలు. పగలంతా చేలో మందు వాసన, కాయల ఘాటు. రాత్రి పొయ్యి పొగ. ఏ పథకం ఆ గట్టు దాకా రాలేదు.

నా ప్రతిపాదన ఇది. మేస్త్రితో, రైతుతో కూలి మాట్లాడుకునేటప్పుడే గ్యాస్ మాట కూడా మాట్లాడుకోవాలి. ఆటో ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలో, అడ్వాన్స్ ఎంతో మాట్లాడుకుంటాం కదా, అట్లాగే. 5 కిలోల చిన్న సిలిండర్ ఒక గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, ఆ ఊరి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు. రెండు మూడు కుటుంబాలకి ఒక స్టవ్, ఒక చిన్న సిలిండర్ రైతు ఇవ్వాలి. "పని దొరకడమే ఎక్కువ, ఇంకా గ్యాస్ అడుగుతావా" అని మన పెద్దోళ్లే అంటారని నాకు తెలుసు. కానీ కోతలు ముదిరినప్పుడు కూలోళ్లు దొరక్క ఆటోలు పంపేది, అడ్వాన్సులు ఇచ్చేది రైతులే. అడిగే బలం ఆ నాలుగు వారాల్లో మనకి ఉంటుంది. ఒక్క ముఠా అడిగితే కాదంటారు. తండా మొత్తం అడిగితే ఆలోచిస్తారు.

ఇప్పుడు దగ్గు సంగతి. మన ప్రాంతంలో దగ్గు అంటే లెక్కే లేదు. మిరపకాయల పని, దగ్గు మామూలే అంటాం. మిరప ఘాటు వల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనట్లేదు. ఆ ఘాటు మాటున అసలు జబ్బు దాక్కుంటుంది అంటున్నా. మా తండాలో ఒక పెద్దమ్మ ఉండేది. బీడీ ముట్టలేదు, సారా ముట్టలేదు. మొదటి ఏడు దగ్గితే కాయల ఘాటు అన్నారు. రెండో ఏడు ఆర్ఎంపీ సూదులు వేశాడు. మూడో ఏడు ఒక ఆసుపత్రిలో కఫంలో ఏమీ కనపడకపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. ఐదు నెలలు మింగాక కూడా తగ్గకపోతే అప్పుడు సీటీ స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, అప్పటికే ఎముకలకి పాకింది. "నేను ఎప్పుడూ కాల్చలేదు కదా నాయనా" అని అందరినీ అడిగేది. ఆమెకి జవాబు చెప్పినోళ్లు లేరు.

అందుకని ఒక లెక్క పెట్టుకుందాం. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష, ఇది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. టీబీ ఉంటే మందులు పూర్తిగా వాడాలి, తగ్గుతుంది. టీబీ లేదంటే అక్కడితో ఆగొద్దు. దగ్గులో రక్తం, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, ఇవి ఉంటే ఎక్స్‌రే, అవసరమైతే సీటీ తీయమని అడగాలి. "సార్, టీబీ మందులు వాడినా తగ్గలేదు, ఇంకేమైనా ఉందేమో చూడండి" అని అడిగే నోరు ఆ పెద్దమ్మకి లేదు. మనకి ఉంది. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నాట్కో ట్రస్ట్ కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం కూడా వస్తుంది. ఇంకో విషయం, కాల్చనివాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్ని రకాలకి ముక్క పరీక్షలో జన్యు మార్పు కనపడితే నోటితో మింగే మాత్రలు ఉన్నాయి. పేరు వినగానే ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టే జబ్బు కాదు ఇది.

ఇప్పటిదాకా కాల్చనోడి ఊపిరితిత్తులు. ఇక తాగనోడి లివరు. కామెర్లు వచ్చి, పొట్ట ఉబ్బి చనిపోయినవాళ్లందరూ తాగుబోతులు కాదు. హెపటైటిస్ బి అనే వైరస్ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా లివర్‌లో ఉండి, చివరికి లివర్ పాడవడానికో, క్యాన్సర్‌కో దారితీస్తుంది. గిరిజన సమూహాల్లో ఇది మిగతావాళ్లలో కన్నా ఎక్కువగా కనపడిందని మన దేశంలో జరిగిన పరిశీలనలు చెప్తున్నాయి. ఇది రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. కలిసి తింటే రాదు. కాబట్టి వచ్చినవాళ్ల కంచం వేరు పెట్టకండి.

రక్తం అంటే ఎక్కడో అనుకోకండి. కోటప్పకొండ తిరునాళ్ల లాంటి చోట్ల ఒకే సూదితో వరసగా పదిమందికి వేసే పచ్చబొట్టు. మంగలి షాపులో మార్చని బ్లేడు. మార్చని సూదితో వేసే ఇంజెక్షన్. పచ్చబొట్టు మన ఆచారం, దాన్ని మానేయమని అనను. కొత్త సూది, కొత్త రంగు గిన్నె ఉంటేనే చెయ్యి చాపండి.

దీనికి టీకా ఉంది. క్యాన్సర్‌ని ఆపే మొదటి టీకా ఇదే. వైరస్‌ని కనిపెట్టిన బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. టీకా ఖరీదుగా ఉన్న రోజుల్లో, 1997లో, మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తక్కువ ధరకి తయారుచేసింది. మన దేశంలో ప్రభుత్వం దీన్ని 2011 నుంచి అన్ని రాష్ట్రాల పిల్లలకీ ఇస్తోంది. పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడాలి. ఎందుకంటే పసిబిడ్డగా వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే ఎక్కువమందికి అదే పోతుంది. ఇంట్లోనో, దారిలో ఆటోలోనో కాన్పు అయితే ఆ 24 గంటలు దాటిపోతాయి. మనలో 20 దాటినోళ్లు చాలామందికి ఆ టీకా పడిందో లేదో కూడా తెలియదు. ఒక రక్త పరీక్షతో తెలుస్తుంది. లేకపోతే మూడు డోసులు వేయించుకోవచ్చు. ఉంటే 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితం. కామెర్లకి పసరు ఇచ్చే తాత మీద నాకూ గౌరవమే. కానీ కామెర్లలో కొన్ని రకాలు వాటంతట అవే తగ్గుతాయి, హెపటైటిస్ బి పసరుకి లొంగదు. వాతలు పెట్టించుకునే ముందు రక్త పరీక్ష చేయించండి.

టీకా అనగానే మన పెద్దోళ్లు భయపడతారు. ఆ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, దానికి కారణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే టీకా అది. చాలామంది మనలాంటి హాస్టల్ పిల్లలు. అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన చోట చాలా ఫారాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టారు. తర్వాత నలుగురు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటు సంఘమే గట్టిగా చెప్పింది.

నాకు అర్థమైంది ఏంటంటే, టీకా మంచిదే, అడక్కుండా వేయడం చెడ్డది. మనం వద్దని పారిపోతే నష్టపోయేది మన పిల్లలే. ఏమీ అడక్కుండా చెయ్యి చాపితే మళ్లీ ఖమ్మమే. ఏ టీకా, ఎందుకు, ఎన్ని డోసులు, వేశాక జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఈ నాలుగు అడగాలి. అమ్మానాన్నలకి మన భాషలో చెప్పాలి. చదువుకున్న మనం ఉన్నది అందుకే.

గ్రూప్ వాళ్లకి నేను అడిగేది మూడు పనులు.

1. ప్రతి తండాలో, గూడెంలో, కాలనీలో కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు మనలో ఒకరి దగ్గర ఉండాలి. కాన్పు అయిన రోజే ఆశా అక్కతో మాట్లాడి మొదటి డోసు వేయించాలి.

2. ఉగాదికి ఇంటికి పోయినప్పుడు రెండు వారాలకి మించి దగ్గుతున్నవాళ్లు ఎవరున్నారో చూడండి. వాళ్లని మనమే దగ్గరుండి తీసుకెళ్లాలి. మన హాస్టళ్లలో హెపటైటిస్ బి పరీక్ష పెట్టమని వార్డెన్‌కి అందరం కలిసి అర్జీ ఇవ్వాలి.

3. వచ్చే మిరప సీజన్‌కి మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు గ్యాస్ మాట కూడా ఉండాలి. మీ ఊరి ముఠాలో ఎవరు మాట్లాడగలరో ఇప్పుడే కామెంట్‌లో పేరు పెట్టండి.

పొగ తాగొద్దు, సారా మానండి అని చెప్పడానికి చాలామంది ఉన్నారు. చెప్పాలి కూడా. కానీ ఏ అలవాటూ లేకుండా పొయ్యి ముందు కూర్చున్న మన అమ్మలకి ఏం చెప్తాం? వాళ్లు మానుకోవడానికి ఏమీ లేదు. మార్చాల్సింది ఆ పొయ్యిని, ఆ గుడారాన్ని, ఆ సూదిని. ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, మాట్లాడుకుందాం.