ఏకాణుదర్శనం – ఒక విగ్రహవాక్యం



"ఫోను కెమెరాతో ఒక్క అణువును సైతం పట్టేస్తారట, తాతయ్యా!" అని మొన్న మా మనుమడు సంబరంగా ఒక వార్త చూపించాడు. నేను వెంటనే దానికి 'ఏకాణుదర్శనం' అని పేరు పెట్టి మురిసిపోయాను. పండితశిక్షణ పొందినవారికి ఇదొక వ్యాధి. తీరా విగ్రహవాక్యం చెప్పబోతే సమాసానికి రెండర్థాలు తేలాయి.

ముందు సంగతి చెబుతాను. డీఎన్ఏ పోగులో నాలుగే అక్షరాలు. 'ఏ'కు 'టీ'తోను, 'జీ'కి 'సీ'తోను మాత్రమే మైత్రి. మన యతిమైత్రి కంటె ఈ నియమం కఠినం. దీని ఆధారంతోనే 2006లో పాల్ రోథెముండ్, 7,000కు పైగా అక్షరాలున్న ఒక వైరసు పోగును సుమారు 200 చిన్న పోగులతో కుట్టి, కోరిన ఆకారంలో మడిచాడు. 2012లో జర్మనీలో ఫిలిప్ టిన్నెఫెల్డ్ బృందం అటువంటి స్తంభమొకటి నిలిపి, దానికి 100 నానోమీటర్ల బంగారు రేణువులు రెండు తగిలించింది. నడుమ ఎడం 23 నానోమీటర్లు. వెలుగు ఆ సందులో గుమికూడుతుంది. అక్కడ ఉంచిన రంగు అణువు మెరుపు 117 రెట్ల వరకు పెరిగింది. 2021లో వెండి రేణువులతో, సందులో చోటు ఖాళీగా విడిచి, మందులకు లొంగని క్లెబ్సియెల్లా సూక్ష్మజీవిని సూచించే డీఎన్ఏ తునకను ఫోను కెమెరాకు కనబడేటట్లు చేశారు. కరోనా నాడు మనమెరిగిన పీసీఆర్ పరీక్ష అణువును లక్షలుగా పెంచి చూస్తుంది. ఇక్కడ పెంచేది అణువును కాదు, దాని వెలుగును. ఈ తలక్రిందుల ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

ఇక సమాసం. సందులోకి వచ్చి కూర్చున్న అణువును విడిగా చూడగలగడం మొదటి అర్థం. అది సిద్ధించింది. రక్తపు బొట్టులో ఒకే ఒక్క అణువున్నా దొరకబుచ్చుకోవడం రెండవ అర్థం. అది వేరు. ఆ సందు వెంట్రుక మందంలో వేలవంతు కూడా లేదు. బొట్టులో దిక్కు తెలియక తిరుగాడే అణువు తనంత తాను అక్కడికి రావాలి. సమృద్ధిగా ఉంటే కొన్ని వస్తాయి. పదో పరకో ఉంటే గంటలు కాచుకున్నా రాకపోవచ్చు. వెలుగు నూరు రెట్లయితే అణువు నడక వేగం పెరగదు కదా!

వార్త రాసినవారు మొదటి అర్థం చూపి రెండవది అమ్మారు. రక్తానికి క్రిములు పాకిన రోగికి ప్రతి గంటా విలువైనదే. అతని బంధువులు ఈ వార్త చదివి, ఆ ఫోను ఏదీ అని ఆస్పత్రిలో అడిగితే తప్పు వారిది కాదు. నన్నడిగితే, ఇకమీదట మెప్పు దక్కవలసింది మెరుపును ఇంకొక పది రెట్లు పెంచినవారికి కాదు, అణువును ఆ సందు వాకిటికి నడిపించగలిగినవారికి.

మనుమడికి ఇదంతా చెప్పాను. "మరి నీ సమాసమో?" అన్నాడు. కొట్టివేసి, 'ఒక్కొక్క అణువును చూడడం' అని రాసుకున్నాను.