గేర్ ఆయిల్‌లో పెద్ద అంకె మోజు

ఇంజిన్ ఆయిల్ మార్చే తేదీ కారున్నవాళ్లలో చాలామందికి గుర్తుంటుంది. గేర్ ఆయిల్ మాత్రం గేరు పడకుండా మొండికేసిన రోజే గుర్తొస్తుంది. ఏ ఆయిల్ పోయాలన్నది అప్పుడు కూడా యజమాని చేతిలో ఉండదు. షెడ్డులో ఏ డబ్బా మూత తీసి ఉంటే అదే గేర్ బాక్స్‌లోకి పోతుంది.

ఈ పద్ధతి మారాలి. ముందుగా పోవాల్సింది అంకె పెద్దదైతే ఆయిల్ మంచిదనే నమ్మకం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన జీఎల్-4, జీఎల్-5 అనేవి చవక రకం, ఖరీదు రకం కావు. అవి రెండు వేర్వేరు పనులకు పెట్టిన పేర్లు. బొలెరో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్ల డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి. ఆ ఒత్తిడికి ఉక్కు అరగకుండా జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ పాళ్లలో ఉంటాయి.

గేర్ బాక్స్ సంగతి వేరు. అక్కడ గేరు మార్చేటప్పుడు రెండు వేగాలను సమం చేసేవి సింక్రో రింగులు. 1928లో కాడిలాక్ కార్లతో వచ్చిన ఏర్పాటు ఇది. చాలా కార్లలో ఈ రింగులు ఇత్తడివి. ఇవి పనిచేయాలంటే కాస్త రాపిడి కావాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు పట్టు తప్పి గేరు కరకరలాడుతుంది. ఘాటైన గంధకం కాలక్రమంలో ఇత్తడిని తినేయనూ వచ్చు. అందుకే చాలా కంపెనీలు మాన్యువల్ గేర్ బాక్స్‌కు జీఎల్-4 చెబుతాయి. సుబారు లాంటివి జీఎల్-5నే కోరతాయి. కాబట్టి చివరి మాట కారుతో వచ్చిన పుస్తకానిదే.

ఇక చిక్కదనం. గేర్ ఆయిల్ డబ్బాపై 90 అని చూసి, ఇంజిన్‌లో పోసే 40 కంటే అది రెట్టింపు చిక్కన అనుకోవడం పొరపాటు. రెండింటి కొలబద్దలు వేరు. 100 డిగ్రీల వేడిలో ఆ రెండూ ఇంచుమించు ఒకే చిక్కదనంతో పారతాయి.

చలిలో ఆయిల్ ఇంకా చిక్కబడుతుంది. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో చలి తక్కువేమీ కాదు. సిర్పూర్(యు), గిన్నెధరి పేర్లు శీతాకాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపిస్తాయి. అయినా 80డబ్ల్యూ గ్రేడు గేర్ ఆయిల్ చలిలో ఎంత చిక్కబడుతుందో పరీక్షించేది మైనస్ 26 డిగ్రీల దగ్గర. ఈ జిల్లాలోని కాగజ్‌నగర్ చలికి ఆ ఆయిల్ గడ్డకట్టదు. పొద్దున్నే రెండో గేరు బిగుసుకోవడం, చలిలో మరింత పలచగా ఉండే 75డబ్ల్యూతో కొంత తగ్గొచ్చు. పుస్తకంలో ఆ గ్రేడు ఉంటేనే దానికి అదనపు డబ్బు పెట్టాలి.

చలికంటే ఇక్కడ భయపడాల్సింది నీళ్లకు. 2022లో పెద్దవాగుపై అందవెల్లి వంతెన కూలిన సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. అలా వంతెన లేక వానాకాలం వాగు నీళ్లలోంచి బండి దాటించాల్సి వస్తే, వేడెక్కిన గేర్ బాక్స్ ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి కుంచించుకుని, గాలి గొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే కిలోమీటర్ల లెక్క చూడకుండా మార్పించాల్సిందే.

షెడ్డు బిల్లుపై ‘గేర్ ఆయిల్’ అని రెండు మాటలు రాస్తే సరిపోదు. కంపెనీ, చిక్కదనం చెప్పే ఎస్‌ఏఈ గ్రేడు, జీఎల్ అంకె, ఎన్ని లీటర్లు పోశారన్నదీ రాయాలి. చిన్న కారుకు పట్టేది సుమారు రెండు లీటర్లే కాబట్టి సీలు తీయని డబ్బా అడగడం యజమాని హక్కు. కార్ల కంపెనీలకూ ఇందులో బాధ్యత ఉంది. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ అంటిస్తున్నారు. గేర్ ఆయిల్ గ్రేడును తెలుగులో ఆ పక్కనే ముద్రిస్తే, ఇంగ్లిష్ పుస్తకం తిరగేయలేని యజమాని కూడా షెడ్డులో నిలబడి ఇదే కావాలని అడగగలుగుతాడు.