కోత మిషను ఆఫీసులో దిగింది



తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుపెట్టెలో నలుగురు పెద్దవాళ్ళు కలిస్తే ధాన్యం రేటు, మినుముల రేటు అయిన తరువాత వచ్చే మాట ఒకటే: "మీవాడు సాఫ్టువేరేనా?" పొలం అమ్మి కొందరు, తాకట్టు పెట్టి కొందరు పిల్లలను ఆ దారిన పెట్టారు. అటువంటి కుటుంబాలు మన డెల్టాలో ఊరూరా వున్నాయి. కనుక ఆ దారి యిప్పుడెట్లా వున్నదో తెలుసుకోవడం మనకు ఊసుపోని కబురు కాదు, బ్రతుకుతెరువు లెక్క.

మిర్చి గుంటూరు యార్డు నుంచి విదేశాలకు పోవడం మనకు తెలుసు. మరి పనిని ఎగుమతి చేయడమేమిటి? 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం దీనికి నాలుగు పద్ధతులు చెప్పింది. అందులో మనవాళ్ళకు బాగా కలిసివచ్చినవి రెండు. పనిచేసే మనిషే సముద్రం దాటడం ఒకటి, మనిషి యిక్కడే వుండి పని మాత్రం తీగ మీద దాటడం రెండు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2000 సంవత్సరం తేదీల చిక్కు విప్పడానికి పడమటి దేశాలకు వేలాది ప్రోగ్రామర్లు కావలసివచ్చింది కూడా ఆ రోజుల్లోనే. 2024-25లో మన దేశపు సేవల ఎగుమతి 38 వేల కోట్ల డాలర్లు దాటింది. చిన్న సంగతి కాదు!

ఇప్పుడు రెండు దారులూ యిరుకవుతున్నాయి. బయటిదేశం నుంచి కొత్తగా హెచ్-1బి వీసా మీద మనిషిని తెచ్చుకొనే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ప్రకటించాడు. తీగ దారికి అటువంటి గేటు లేదు గాని అక్కడ మనిషికి పోటీగా యంత్రం నిలబడింది.

దీని సూచన మనకు ముందే కనబడింది. 1990 దశకం చివర మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ అనే పని వచ్చింది. అమెరికా డాక్టరు పగలంతా రోగులను చూసి చెప్పిన మాటల రికార్డు మన వూళ్ళకు వచ్చేది. మన పిల్లలు విని, టైపు చేసి, వాళ్ళకు తెల్లవారేసరికి పంపేవాళ్ళు. వరుసకు యింతని కూలి. తరువాత మాట విని తానే రాసుకొనే యంత్రం వచ్చింది. మనిషికి తప్పులు దిద్దే పని మిగిలింది, రేటు తగ్గింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అదే సంగతి ప్రోగ్రాములు రాసేవాళ్ళ దగ్గరకూ వచ్చింది. 2025 జులైలో టి.సి.ఎస్. సుమారు 12 వేల మందిని, అనగా తన సిబ్బందిలో 2 శాతాన్ని, తగ్గిస్తామన్నది. కారణం యంత్రం కాదనీ, నైపుణ్యాలు పొసగకపోవడమనీ ఆ కంపెనీ చెప్పింది. కారణం ఏదైనా, తలుపు దగ్గర నిలబడిన కుర్రవాడికి భయం భయమే గదా!

మాది సేద్యం చేసే యిల్లు. అందుచేత నాకీ సంగతి చేలో చూసినట్లే వున్నది. వరి కోసి, పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చేసరికి ముఠాలకు రోజుల తరబడి పని వుండేది. కోత మిషను దిగాక ఎకరం కోయడం, నూర్చడం గంట రెండు గంటల్లో తేలిపోతున్నది. లాభపడింది ఎవరు? చేను గలవాడు, మిషను గలవాడు. పోయింది కొడవలి పట్టినవాళ్ళ రోజుకూలి.

మరి సాఫ్టువేరు ఎగుమతిలో మనం ఆసాములమా, కొడవలి పట్టినవాళ్ళమా? మన కంపెనీలు చాలావరకు అమ్మింది మనిషి గంటలు. ఇంతమంది, యిన్ని గంటలు, గంటకు యిన్ని డాలర్లు. తయారైన ప్రోగ్రాము మీద హక్కు కొన్నవాడిది. జీతం బాగుండబట్టి కూలి అనిపించలేదు గాని లెక్క కూలి లెక్కే. పది గంటల పని రెండు గంటల్లో అయితే గంటలు కొనేవాడికి పండుగ, అమ్మేవాడికి పస్తు.

అయితే యంత్రాన్ని అడ్డుకుందామా? 1960లలో కలకత్తాలో ఎల్.ఐ.సి. ఉద్యోగులు కంప్యూటరు వద్దని పోరాడారు. 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు యాజమాన్యాలతో కూర్చుని, యంత్రాలు ఎంతమేరకు పెట్టవచ్చునో ఒప్పందం రాయించుకున్నాయి. యంత్రం ఆగలేదు. కాని షరతులు మాట్లాడుకున్నవాళ్ళకు సర్దుకొనే వ్యవధి దొరికింది. మన సాఫ్టువేరు కుర్రవాళ్ళలో ఎక్కువమందికి అట్లా మాట్లాడే సంఘమే లేదు. ఇది మొదటి లోటు.

రెండో లోటు సొంత సరుకు లేకపోవడం. దానికి జవాబు మన బాపట్లలోనే వున్నది. 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అదే మనం తినే సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన వంగడం. అది రాష్ట్రాల ఎల్లలు దాటి చేలకెక్కింది. 2008లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే జన్యువులను దానికే చేర్చి మెరుగైన రకం యిచ్చారు. 2025 మేలో ప్రకటించిన జన్యుసవరణ రకం 'కమల'కూ తల్లి సాంబ మసూరియే. ఇన్నేళ్ళలో పద్ధతులెన్ని మారినా బాపట్ల పని వృథా పోలేదు. ఎందుచేత? అక్కడ తయారైంది గంటలు కాదు. నేలను, పంటను ఎరిగినవాళ్ళు చేసిన సరుకు.

అందుచేత నాలుగు నెలల కోర్సు కోసం భౌతికశాస్త్రాన్ని, గణాంకశాస్త్రాన్ని, వృక్షశాస్త్రాన్ని పక్కన పెట్టవద్దని నా తోటి విద్యార్థులకు మనవి. మాగాణి మినుముకు పల్లాకు తెగులు మొదట్లోనే ఎట్లా పసిగట్టాలి? రేపల్లె వైపు రొయ్యల చెరువులో నీరు చెడుతున్నదని రాత్రిపూటే ఎట్లా తెలియాలి? చెరువునూ, ప్రోగ్రామునూ రెండింటినీ ఎరిగినవాడే దీనికి పనికివస్తాడు. రొయ్యలు పెంచే వియత్నాం, ఈక్వెడారు దేశాలకు కూడా అటువంటి సరుకు అమ్మవచ్చును. అప్పుడు యంత్రం మన చేలో మన కోసం కోస్తుంది.

లెక్చరర్లకొక విన్నపం. రికార్డు పుస్తకంలో పాత ప్రయోగాలు దింపించడం తగ్గించి, యిటువంటి ప్రశ్న ఏడాదికి ఒక్కటైనా మా చేతికివ్వండి. పెద్ద కంపెనీల్లో వున్న పూర్వవిద్యార్థులారా! వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువా కప్పించుకొని వెళ్ళిపోకండి. లాబొరేటరీలో ఒక పూట మాతో కూర్చోండి. మన విద్యార్థి సంఘం ఎన్నికల్లో క్యాంటీను గురించి వాగ్దానాలు వినీ వినీ వున్నాం. వచ్చే ఏడు పోటీచేసేవాళ్ళు దీని గురించి ఏమంటారో వినాలని వున్నది.