బీటా నంబర్ డబుల్ కాలేదా?

మన సినిమాల్లో డాక్టర్‌కి ల్యాబ్‌తో పనే లేదు. హీరోయిన్ కళ్లు తిరిగి పడిపోతుంది, డాక్టరమ్మ వచ్చి నాడి పట్టుకుంటుంది, వెంటనే "కంగ్రాట్స్, మీరు తండ్రి కాబోతున్నారు!" ఫిల్మ్‌నగర్‌లో ఏళ్ల తరబడి నడిచిన సీన్ ఇది. అక్కడి నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు వస్తే కనిపించే డయాగ్నొస్టిక్ సెంటర్లలో మాత్రం నాడి నడవదు. చేతి నరం నుంచి కాస్త రక్తం తీస్తారు.

టెస్ట్ పేరు బీటా హెచ్‌సీజీ. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక, మాయగా మారబోయే కణాలు వదిలే హార్మోన్ ఇది. ఇంట్లో వాడే కిట్ యూరిన్‌లో వెతికేదీ దీన్నే. కిట్ ఉందో లేదో చెబుతుంది, రక్తపరీక్ష ఎంత ఉందో చెబుతుంది. 1920ల చివర్లో బెర్లిన్‌లో అయితే యూరిన్‌ని ఎలుకలకి ఇంజెక్ట్ చేసి, రోజుల తరబడి ఆగి, కోసి చూసేవాళ్లు. (పాపం ఎలుకలు.) ఇప్పుడు రిపోర్ట్ సాయంత్రానికల్లా ఫోన్‌లో ఉంటుంది.

గొడవంతా అక్కడే మొదలవుతోంది. మొన్న రాత్రి పదకొండింటికి ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాళ్లావిడ బీటా సోమవారం 412, బుధవారం 640. "డబుల్ కాలేదురా, 48 గంటల్లో డబుల్ అవ్వాలంట" అంటుంటే గొంతు వణుకుతోంది. రోజంతా డ్యాష్‌బోర్డులు చూసే ఉద్యోగాలు మావి, రెండు నంబర్లు కనిపిస్తే చాలు గ్రాఫ్ గీసేస్తాం.

నిజానికి ఆ డబుల్ రూల్ అంత గట్టిది కాదు. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2018లో ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం, మొదటి రీడింగ్ 1500 లోపు ఉంటే రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలి. 412కి అది దాదాపు 614. వాళ్ల 640 ఆ గీత దాటేసింది. 1500 నుంచి 3000 మధ్య మొదలైతే 40 శాతం, ఆపైన 33 చాలు. సుమారు పదో వారం దగ్గర బాగా పైకెళ్లి, తర్వాత దిగుతుంది కూడా. ఆ దిగడం చూసి హడలిపోయేవాళ్లూ ఉన్నారు.

అలాగని గీత దాటితే అంతా సేఫ్ అనుకోకండి. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబ్‌లో నిలిచినా కొందరికి బీటా మామూలుగానే పెరుగుతుంది. ఎక్కడ నిలిచిందో స్కానింగ్‌లోనే తెలియాలి. టెస్టులన్నీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారితే రీడింగ్ మారొచ్చు. పొత్తికడుపులో నొప్పి, బ్లీడింగ్, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం... ఇలాంటివి ఉంటే రిపోర్ట్ కోసం ఆగకండి, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి. కళ్లు తిరిగితే స్వీట్లు పంచడం సినిమాల్లోనే.

మావాడికి డాక్టర్ రెండు రోజులకి ఇంకో టెస్ట్, తర్వాత స్కాన్ రాశారు. ఈసారి రిపోర్ట్ వాళ్లావిడ ఫోన్‌కే వస్తుందట. పాస్‌వర్డ్ వాడికి చెప్పలేదు.